మూడు రకాల పర్లేదు

ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను దీన్ని. దించుకోవడానికి చోటు దొరక్క కాదు. దొరికిన ప్రతిచోటా "ఇప్పుడు కాదులే" అనుకుని ముందుకు నడిచాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి. ఉండకూడని చోట అది ఇన్నాళ్లూ ఉంది. ఈ కాగితం మీదైనా లేకుండా ఉండనివ్వండి.

తప్పు ఏమిటో ముందే ఒక్క ముక్కలో చెప్పేస్తాను, లేకపోతే నా సంగతి నాకు తెలుసు, దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ కూర్చుంటాను. రొయ్యల ప్లాంటులో పొట్టు ఒలిచే మస్తానమ్మ అనే ఆవిడ కనిపెట్టిన సంగతిని, నేను కనిపెట్టానని నాలుగు దేశాల పరిశోధకుల ముందు చెప్పాను. వాళ్లు నమ్మారు. నాకు పేరొచ్చింది. ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కాను. ఆమె ఇప్పటికీ అదే ప్లాంటులో పొట్టు ఒలుస్తూనే ఉంది.

అదీ సంగతి. రాసేశాను.

నాది మనుబోలు దగ్గర వరి పండించే ఇల్లు. నెల్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. మనుషులు పనిచేసే చోట ఎలా నడుచుకుంటారు, ఎప్పుడు మాట్లాడతారు, ఎప్పుడు నోరు మూసుకుంటారు అన్నది నా సబ్జెక్టు. మా బంధువులకు ఈ ముక్క చెబితే "దానికీ ఒక చదువుందా, మా పొలానికి రా, రోజూ చూపిస్తాం" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఉడికేది.

అలాంటి రోజుల్లో హెల్గా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. హెల్గా నార్వేలో ప్రొఫెసర్. చేపల, రొయ్యల ప్లాంట్లలో పనివాళ్లు తప్పు జరుగుతున్నట్టు కనిపించినా పైవాళ్లకు ఎందుకు చెప్పరు అన్నది ఆమె ప్రశ్న. నార్వే, వియత్నాం, ఘనా, మన దేశం, నాలుగు చోట్లా ఒకే రకంగా అడిగి చూద్దామన్నది ఆమె ఆలోచన. నెల్లూరు తీరంలో ప్లాంట్లున్నాయని తెలిసి నన్ను వెతుక్కుంది. ఆ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెబితే మీరు నవ్వుతారు.

ఆ బృందం గురించి చెప్పాలి. దాని మీద ఉన్న గౌరవమే నా తప్పును ఇంత బరువు చేసింది. నెలకు రెండుసార్లు మధ్యాహ్నం అందరం కంప్యూటర్ల ముందు కలిసేవాళ్లం. హెల్గాకు అది ఉదయం, వియత్నాం వాళ్లకు టీ వేళ. ఘనాలో ఉన్న కోఫీ వెనక కోళ్లు అరుస్తుండేవి. ఎవరి గొప్పలు వాళ్లు చెప్పుకునే మీటింగులు నేను చాలా చూశాను. ఇక్కడ మొదటి పది నిమిషాలు ఎవరి తప్పులు వాళ్లు చెప్పుకోవాలి. అది హెల్గా పెట్టిన రివాజు. ఆ పక్షం రోజుల్లో ఏం పొరపాటు చేశామో ఒక్కొక్కరం చెప్పాలి, మిగతావాళ్లు వినాలి, ఎవరూ తీర్పు చెప్పకూడదు. మొదట హెల్గానే చెప్పేది. ఒకసారి, నెల రోజుల లెక్క తప్పు వేశానని, దాని మీద అందరి చేతా అనవసరంగా పని చేయించానని, ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి, ముఖం ఎర్రబడి చెప్పింది. పరిశోధన అంటే ఇదీ అనుకున్నాను. మనుషులు ఇలా ఉండొచ్చా అనుకున్నాను. ఇలా ఉండాలని కూడా అనుకున్నాను.

మా వంతు ప్లాంటు విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. దాదాపు అందరూ ఆడవాళ్లే. చుట్టుపక్కల పాలేల నుంచి, బోట్ల మీద వేటకు పోయే ఇళ్ల నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాళ్లు. తలకు టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు, మోకాలి దాకా ప్లాస్టిక్ ఆప్రాన్. పొడుగాటి స్టీలు బల్లల చుట్టూ నిలబడి, ఐసులో ఉన్న రొయ్యను తీసి, తల విరిచి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగేవాళ్లు. ఒక్క రొయ్యకు పట్టే సమయంలో నేను పెన్ను మూత కూడా తీయలేను.

నా చేతిలో ప్రశ్నల కాగితం. ఒక్కో ప్రశ్నకు ఐదు గడులు. "అస్సలు ఒప్పుకోను" నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను" దాకా. "పని వల్ల ఒంటికి ఇబ్బంది కలిగితే సూపర్‌వైజరుకు చెప్పగలను" లాంటివి. ఆ ప్రశ్నల తెలుగు కోసం మేం పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒకరు తెలుగులోకి మార్చారు, ఇంకొకరు దాన్ని చూసి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చారు, రెండూ పక్కపక్కన పెట్టి మాట మాటా సరిచూశాం. జవాబు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తెలుగు వాళ్లు తెలుగులో చెప్పే జవాబు తెలుగుదానికి అర్థం కాకపోవడమేమిటి?

వాళ్లు గడుల్లో మాట్లాడరు కదా. ఏది అడిగినా "పర్లేదు" అనేవాళ్లు. నేను ఆలోచించి, పర్లేదంటే బాగానే ఉందని కదా అని, నాలుగో గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాను. మొదటి రెండు నెలల లెక్కలు చూస్తే నాలుగు దేశాల్లోనూ మా ప్లాంటే మేటి. మనసులో మాట నిర్భయంగా చెప్పుకునే పనివాళ్లంటే మావాళ్లే. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. హెల్గా మాత్రం నొసలు ముడిచి, "ఇంత బాగుంటే మీ ప్లాంటు గోడకున్న సలహాల పెట్టెలో ఒక్క కాగితమూ పడలేదన్నావే, ఎందుకు?" అని అడిగింది.

మస్తానమ్మ మూడో బల్ల దగ్గర నిలబడేది. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేది. ఐదో తరగతి దాకా చదివిందట. ఒలిచేటప్పుడు చేతుల వైపు చూసేది కాదు, చుట్టూ చూస్తుండేది. నేను వచ్చిన మొదటి రోజు నుంచీ నన్ను కూడా చూస్తూనే ఉందని నాకు తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ, బయట రేకుల పందిరి కింద క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు, నన్ను పక్కన కూర్చోమంది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మేడం, కోపం చేసుకోబాకండి. ఒక మాట చెప్తా."

"చెప్పమ్మా."

"మీరు రాసుకునేది తప్పు."

నేను నవ్వాను. "ఏం తప్పు?"

"మేమందరం పర్లేదంటుండాం. మీరేమో బాగుండాదని గీత కొట్టుకుంటుండారు."

"పర్లేదంటే బాగున్నట్టే కదా?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. నిజంగా జాలే. "ఏ పర్లేదు మేడం? మూడు రకాలుండాయి గదా. ఉత్త పర్లేదు ఒకటి. అది నిజంగానే ఏం లేదని. పర్లేదు మేడం అన్నామనుకోండి, అది మీ కోసం. పెద్దోళ్లు, అడిగినారు, మర్యాదకి చెప్పినాం, ఇంక మీరు పోవచ్చు అని. మూడోది పర్లేదులే. అది విన్నారంటే మాత్రం మీరు లెయ్యబాకండి. లోపల ఏందో ఉండాది. చెప్పినా ఒరిగేదేం లేదని మింగేసినారన్నమాట."

"చివర 'లే' వచ్చిందంటే ఇబ్బంది ఉన్నట్టా?"

"నేను చెప్పేదెందుకు, మీరే చూడండి." పక్కకు తిరిగి, తల వంచుకుని అన్నం తింటున్న ఒక అమ్మాయిని అడిగింది. "ఏమే కామాక్షీ, చేతులు మండుతుండాయా?"

"పర్లేదులే అక్కా," అంది కామాక్షి తలెత్తకుండానే.

"ఏదీ, ఎడం చెయ్యి చూపీ."

కామాక్షి చెయ్యి చాపింది. వేళ్ల సందుల్లో తోలు లేచి ఎర్రగా ఉంది. రొయ్యలు కడిగే నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. అది ఎక్కువైన రోజున గ్లౌజుల్లోకి దిగి అలా చేస్తుందట. నెలల తరబడి అలాగే ఉందట.

"పొద్దున మీరడిగితే ఈమే పర్లేదు మేడం అనింది. మీరు నాలుగో గడిలో టిక్కు పెట్టినారు. నేను చూసినా," అంది మస్తానమ్మ. తర్వాత నా ముఖం చూసి, నన్ను ఊరడిస్తున్నట్టుగా ఇంకో మాట చెప్పింది. "ఇంకొకటి మేడం. నువ్వు చెప్పగలవా అని అడగబాకండి. పక్కనామె చెప్పగలదా అని అడగండి. మా సంగతి మేం చెప్పం గానీ, పక్కనామె సంగతైతే ఆగమన్నా ఆగం." అందరూ నవ్వారు. కామాక్షి కూడా నవ్వింది.

ఆ పూట నాకు పాఠం చెప్పింది ఎవరు? పదేళ్లు చదివి, ఇంకో పదేళ్లు చదువు చెప్పి, ప్రశ్నను ఎలా అడగాలో రెండు పుస్తకాల నిండా గీతలు గీసుకున్న నాకు తెలియనిది, బల్ల దగ్గర నిలబడి రొయ్యలు ఒలుస్తూ ఆమె కనిపెట్టింది. నా పని ఆమెదాని కంటే తక్కువ జాగ్రత్తగా జరుగుతోందని కూడా కనిపెట్టింది. చెప్పడానికి భయపడలేదు. చెప్పిన తీరులో ఎత్తిపొడుపు లేదు. పనిచేసే చోట తప్పు కనిపిస్తే పైవాళ్లకు చెప్పే మనిషి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనే కదా మేమంతా బయలుదేరాం. ఆ మనిషి వచ్చి నా పక్కనే కూర్చుని నా తప్పు నాకు చెప్పింది. ఆమెను చూసి నాకు ఎంత సంబరం వేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ సంబరం నిజం. దాని తర్వాత చేసిందీ నిజమే.

బస్సులో నెల్లూరు వస్తూ నోటుపుస్తకంలో "మస్తానమ్మ చెప్పింది" అని మొదలుపెట్టి అంతా రాసుకున్నాను. నాలుగు రోజుల తర్వాత దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నప్పుడు "చెప్పింది" తీసేసి "గమనించాను" అని పెట్టాను. ఒక్క క్రియ మార్చాను, అంతే. ఎందుకు మార్చావు అని నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. పనివాళ్ల పేర్లు బయటపెట్టకూడదని నియమం ఉంది కదా, అందుకే అని సమాధానం చెప్పుకున్నాను. నియమం పేరు దాచమంది గానీ మనిషినే దాచమనలేదు. ఒకరు చెప్పారు అనొచ్చు. పేరు పెట్టమంటావా అని ఆమెనే అడగొచ్చు. నిజం ఏమిటంటే, రొయ్యలు ఒలిచే ఆవిడ చెప్పేది సమాచారం అవుతుంది గానీ ఆలోచన అవుతుందని నాకు తట్టనే లేదు. ఆలోచన నా వంతు, సమాచారం ఆమె వంతు. మా ఊళ్లో పొలం పనివాళ్లు వాన సంగతి చెబితే మా నాన్న మర్నాడు అది తన మాటగా పదిమందికీ చెప్పేవాడు. చిన్నప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆమె చెప్పినట్టే మళ్లీ మొదటి నుంచి అడిగాను. ఏ పర్లేదో రాసుకున్నాను, పక్కనామె గురించి అడిగాను. లెక్కలు తలకిందులయ్యాయి. మేటి అనుకున్న మా ప్లాంటు అట్టడుగుకు వచ్చింది.

మీటింగు రోజు, తప్పులు చెప్పుకునే పది నిమిషాల్లోనే నేను ఈ సంగతి ఎత్తాను. నాలుగో గడి కథంతా చెప్పాను. మూడు రకాల పర్లేదులూ పలికి వినిపించాను. హెల్గా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వింది. వియత్నాం నుంచి పనిచేసే మిత్రుడు, మా దగ్గరా ఇలాంటి మాట ఉంది, నేనూ తప్పు గడిలోనే పెడుతున్నానని అప్పటికప్పుడు ఒప్పుకున్నాడు. కోఫీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ అరగంట నా జీవితంలో చూసిన అతి అందమైన అరగంట అంటే మీరు నమ్మాలి. నాలుగు భాషల మనుషులు తమ తమ భాషల్లో తాము వినకుండా వదిలేసిన చిన్న మాటల కోసం పసిపిల్లల్లా వెతుక్కుంటున్నారు. తప్పు ఒప్పుకున్నందుకు నా నిజాయితీని అందరూ మెచ్చుకున్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అప్పుడు హెల్గా అడిగింది, ఎంతో ప్రేమగా, "ఇది నీకెలా తెలిసింది? ఎవరైనా చెప్పారా?"

చెప్పడానికి రెండు క్షణాలు దొరికాయి. "లేదు, మా భాషే కదా, వింటూ వింటూ తట్టింది," అన్నాను.

మా అధ్యయనం ఏమిటి? తప్పు తెలిసి కూడా మనుషులు ఎందుకు నోరు మెదపరు అన్నది. ఆ సంవత్సరం ఆ ప్రశ్నకు నాకంటే బాగా జవాబు తెలిసినవాళ్లు నాలుగు దేశాల్లో లేరు.

అక్కడితో ఆగినా ఇది చిన్న తప్పు కింద సరిపెట్టుకునేదాన్నేమో. ఆగలేదు. మరుసటి ఏడు హెల్గా ఒక కొత్త ప్రతిపాదన తెచ్చింది. ఈ పనిలో మనకు ఆలోచన అందించిన పనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను మనతో సమానంగా కూర్చోబెడదాం, వాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే వ్యాసం మీద మన పేర్ల పక్కన వేద్దాం, చివరి సమావేశానికి దుబాసీలను పెట్టి పిలుద్దాం అంది. ఇలాంటి మాట ఏ ప్రొఫెసర్ నోటా నేను అంతకుముందు వినలేదు. వియత్నాం నుంచి లాన్ అని, చేపలు కోసే ఆవిడ పేరు వచ్చింది. ఘనా నుంచి ఒక ప్యాకింగు మేస్త్రి, నార్వే నుంచి ఇద్దరు. నా వంతు వచ్చింది. మస్తానమ్మ పేరు చెబితే, ఏం అందించింది అని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే ఇంతకుముందు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. "మా వైపు అలాంటివాళ్లెవరూ లేరు," అన్నాను. హెల్గా మరీ అడగలేదు. నన్ను నమ్మింది.

ఆ సమావేశానికి నేను వెళ్లాను. లాన్ పొట్టిగా, గట్టిగా నవ్వే మనిషి. దుబాసీ పక్కన కూర్చుని, కత్తి పట్టుకునే తీరు మారిస్తే మణికట్టు నొప్పి ఎలా తగ్గుతుందో లేచి చేసి చూపించింది. తన చేతులూ చాన్నాళ్లు మండి తగ్గాయని చెప్పింది. ప్రొఫెసర్లంతా పెన్నులు పట్టుకుని ఆమెను అనుకరించారు. విరామంలో నా దగ్గరికి వచ్చి, దుబాసీ చేత, "మీ దగ్గర రొయ్యలు ఒలిచేవాళ్లు ఎవరూ రాలేదా, నేను వాళ్లతో మాట్లాడదామనుకున్నాను," అని అడిగించింది. ఈసారికి కుదరలేదన్నాను. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఎవరినో అంటుండేది. ఆ మాట ఆ రోజంతా చెవిలో మోగింది. అయినా సాయంత్రం వేదిక మీదికి వెళ్లి నా ప్రసంగం నేను చదివాను. చప్పట్లు కొట్టారు.

మంచే జరిగింది కదా అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. మా నివేదిక చూశాక ప్లాంటువాళ్లు క్లోరిన్ కొలిచి కలపడం మొదలుపెట్టారు. గ్లౌజులు మార్చారు. బల్లకొకరు చొప్పున తమ మాట చెప్పడానికి మనిషిని ఎన్నుకోమన్నారు. మూడో బల్ల వాళ్లు ఎవరిని ఎన్నుకున్నారో మీకు చెప్పక్కర్లేదు. కామాక్షి చేతులు మానాయి. ఇంతమందికి మేలు జరిగాక ఆ మాట ఎవరిదైతే ఏమిటి? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా కాసేపు నిద్ర పట్టేది. మేలు జరిగింది ఆమె మాట వల్ల కదా, నా అబద్ధం వల్ల కాదు కదా. ఇది తట్టడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది.

ఒకసారి ఆమె అడిగింది కూడా. ఇంకేదో పని మీద ప్లాంటుకు పోయినప్పుడు, గేటు దగ్గర ఎదురై, "మేడం, ఆ పొద్దు నేను చెప్పింది మీకేమన్నా పనికొచ్చిందా?" అంది. ఆ గొంతులో ఆశ తప్ప ఇంకేమీ లేదు. నేను గబగబా నడుస్తూనే, "ఆఁ, పర్లేదులే మస్తానమ్మా," అన్నాను. అన్నాక గానీ నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకు వినపడలేదు. ఆమెకు వినపడింది. నన్ను ఒక్క క్షణం చూసింది. మళ్లీ అడగలేదు. మర్నాడు ఆ పని మీదే నేను పంపిన విద్యార్థులను కూర్చోబెట్టి, ఎప్పటిలాగే ఓపిగ్గా జవాబులు చెప్పిందట.

ఈ ఏడు హెల్గా ఉద్యోగ విరమణ చేస్తోంది. మా పని అంతా ఒక పుస్తకంగా వేస్తున్నారు. ఈ పద్ధతి ఎలా పుట్టిందో నువ్వే రెండు పేజీలు రాయి, అది లేకపోతే పుస్తకం నిండదు అని నాకు రాసింది. కూర్చున్నాను. "గమనించాను" అని రాసి కొట్టేశాను. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. వారం గడిచింది. ఇక చేతకాక, పోయిన బుధవారం ప్లాంటుకు వెళ్లాను. పని వదిలే వేళ. కంపెనీ బస్సు కోసం మస్తానమ్మ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. ఆ మీటింగు, ఆ అబద్ధం, ఆ రెండో అబద్ధం, సమావేశం, లాన్, అన్నీ.

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. నేను చెప్పినదాన్ని ఒక వరుసలో పెట్టుకుంటున్నట్టుంది.

"అంటే ఆ దేశాలోళ్లకి నేనొకదాన్ని ఉండానని తెలవదు," అంది చివరికి.

"తెలియదు."

"చేపలు కోసే ఆమె వచ్చిందన్నావే, ఆమెకీ తెలవదు."

అన్నారే అనలేదు, అన్నావే అంది. ఎనిమిదేళ్లలో మొదటిసారి. మర్యాద తీసేసిందో, దగ్గరికి తీసుకుందో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. ఆమె కొట్టిన దెబ్బ అయితే అది నాకు తగినదే.

"ఆమెకీ తెలియదు. మీ వాళ్లెవరూ రాలేదా అని అడిగింది."

"ఆమె చేతులు కూడా మండేయంటనా?"

"ఆఁ. చాన్నాళ్లు మండాయట. అప్పటికి తగ్గాయంది."

మస్తానమ్మ తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుంది. క్లోరిన్ సరిచేసినా ఐసు మారదు కదా. ఇన్నేళ్ల ఐసుకు ఆ వేళ్ల కణుపులు లావెక్కి, గోళ్ల చుట్టూ పగుళ్లిచ్చి ఉన్నాయి. "నేను పొయ్యుంటే అడిగేదాన్ని," అంది. "ఏం పూసుకుంటుందో."

బస్సు వచ్చింది. సంచీ తీసుకుని ఎక్కేసింది. క్షమించానని అనలేదు, క్షమించనని అనలేదు. నేను ఇంతకాలం ఆమె నుంచి పేరు దొంగిలించాననుకుంటూ కుమిలాను. వ్యాసం మీద అచ్చయ్యే పేరు ఆమె అడగనే లేదు. ఆమెకు పోయింది నేను ఊహించినదాని కంటే పెద్దది. తనలాంటి పని, తనలాంటి చేతులు ఉన్న ఇంకో ఆడమనిషితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే ఒక్క పూట. దాన్ని నేను తిరిగి ఇవ్వలేను. ఆ సమావేశం మళ్లీ జరగదు.

ఇంటికి వచ్చి రెండు పేజీలూ రాశాను. ఈ పద్ధతి మస్తానమ్మది, ఆమె చెప్పింది, నేను విన్నాను, తర్వాత అబద్ధం చెప్పాను అని రాశాను. నా పేరు తీసేయమని రాశాను. నన్ను బృందంలో ఉంచుతారో లేదో, కాలేజీలో ఏమవుతుందో తెలియదు. అయినా నిన్న పొద్దున పంపించేశాను. పంపాక, చాలా రోజుల తర్వాత, అన్నం తినాలనిపించింది. అంతకు మించి నాకు దక్కిన ఊరట ఏమీ లేదు, ఉండాలని కూడా అనుకోవడం లేదు.

ఆ పేజీలతో పాటు హెల్గాకు పంపిన ఉత్తరం చివర ఒక్క ప్రశ్న రాశాను. జవాబు వచ్చేదాకా రోజూ ఉత్తరాల పెట్టె తెరిచి చూస్తూనే ఉంటాను. లాన్‌ను కనుక్కుని చెప్పగలరా, చేతులకు ఆమె ఏం పూసుకుంటుంది?